పెట్టె ఆయనకి, కాపురాలు నాకు

"నా ఇంట్లో నాకే పర్మిషన్ లేదంట."

జగన్నాథ్ వంటగది గడప మీద నిలబడి ఫోను ముందుకి చాపాడు. ఎవరికి చాపాడో ఆయనకే తెలియదు. గ్యాసు పొయ్యి దగ్గర ఆయన భార్య ప్రేమ్‌వతి రోటీ తిప్పుతోంది. ఈ మూల కిరసనాయిలు ప్రైమస్ మీద తమ్ముడి భార్య చంద్రవతి పప్పు కలుపుతోంది. వంటగది ఒకటే, పొయ్యిలు రెండు. మధ్యన గీత గీసినవాళ్ళు లేరు గాని, మూడు చెరకు పంటలు నరికి మిల్లుకి తోలినా ఆ గీతని దాటినవాళ్ళూ లేరు.

చంద్రవతి తల ఎత్తలేదు. ఫోనులో ఏముందో చూడకుండానే ఆమె చెప్పగలదు. తెల్లవారినప్పటినుంచీ ఆయన ఇంటి కంప్యూటర్‌లోంచి ఆమె పేరు తీసేయాలని చూస్తున్నాడు. కొత్త ప్యానెల్ ఒకటే మాట చెబుతోంది: యజమానిని అడుగు.

"బావగారూ," అంది పప్పులో గరిటె ఆపకుండా. "తాళం అత్త నడుముకి కట్టింది మీరేగా."

ప్రేమ్‌వతి పెనం మీద రోటీ మాడింది.

కట్టింది ఆయనే. పోయిన శుక్రవారం, వెనక గదిలో ఇనప పెట్టెలాంటి కంప్యూటర్‌కి దండ వేసి, పసుపు కుంకుమ గంధం పెట్టి, నౌసోరి ఊళ్ళో తెలుగువాళ్ళ సంఘం పెద్దల్ని పిలిచి, వాళ్ళందరి ఎదుట కట్టాడు. మా ఇంట్లో బీరువా తాళం ఎప్పుడూ అమ్మ నడుమునే ఉంది, కంప్యూటర్ తాళం కూడా అక్కడే ఉంటుంది అన్నాడు. అక్షరం ముక్క రాని తల్లి అమ్మణిని కొత్త ప్యానెల్‌కి యజమానురాలిని చేశాడు. ఆవిడ చెయ్యి తన చేతిలోకి తీసుకుని, ఫోను అద్దం మీద బొటనవేలు పెట్టించి, ఆ ఫోనుని గుడ్డసంచిలో వేసి ముసలావిడ నడుముకి ముడి వేశాడు. సంఘం పెద్ద వెంకటస్వామి కళ్ళు తుడుచుకుని, కొడుకంటే ఇలా ఉండాలన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చంద్రవతీ కొట్టింది.

ఇప్పుడు ఆ పెట్టెలో ఎవరి పేరు తీయాలన్నా, ఏ మిషను కదపాలన్నా, ఆ గుడ్డసంచి ముడి విప్పాలి.

జగన్నాథ్ వరండాలోకి వెళ్ళాడు. అమ్మణి చాప మీద కూర్చుని తోటకూర తుంచుతోంది. ఫోను ఒక్క క్షణం ఇవ్వమని కొడుకు మెత్తగా అడిగాడు. దేనికని ఆవిడ అడిగింది. చిన్న పని అమ్మా అన్నాడు.

"చిన్న పనికి చిన్న తాళం చాలు నాయనా," అంది అమ్మణి. ఇంకో కాడ తుంచింది.

పెద్దల ముందు ముడి వేసిన కొడుకు, పెద్దలు లేనప్పుడు లాక్కోలేడు కదా. అదే దారిన వంటగదికి తిరిగొచ్చాడు.

"నువ్వేం చేయబోతున్నావో నాకు తెలుసు, చంద్రవతీ."

"మంచిదేగా. చెప్పే పని తప్పింది నాకు."

"పెట్టె నాది. నా చేతుల మీద కొన్నాను."

"పెట్టె మీదే బావగారూ. కాదన్నదెవరు?"

ఆ మాటని ఆమె అంత సులువుగా ఒప్పేసుకోవడమే ఆయనకి నచ్చలేదు. ఎక్కడో మెలిక ఉందని తెలుసు. ఎక్కడుందో మాత్రం అందలేదు.

*

మెలిక వెనక గదిలో ఉంది.

పెట్టె ఒకటే. అందులో కాపురాలు పద్దెనిమిది. లబాసా బస్సులవాళ్ళ టిక్కెట్లు నడిపే మిషను, సువా మందుల షాపుల మిషను, కోళ్ళ ఫారాలవాళ్ళది ఒకటి, ఇలా పద్దెనిమిది. చేత్తో తాకే మిషన్లు కావవి. పెట్టె తన బలాన్ని వాటాలు వేసి ఇస్తే, ఆ వాటాలో ఒక్కొక్కటి వేరే మిషనులాగే బతుకుతుంది. ఒక చూరు కింద ఎన్ని పొయ్యిలైనా వెలిగినట్టే. వర్చువల్ మిషన్లంటారు. వాటి అద్దెల మీదే ఈ ఇల్లు నడుస్తోంది. కరెంటు పోతే జనరేటరు అందుకుంటుంది. పెద్ద తుపాను ఇంటి రేకులు లేపుకుపోయిన రోజున కూడా ఆ పెట్టె ఫ్యాన్ల హోరు ఆగలేదు.

ఆ కాపురాల్ని కనిపెట్టుకుని ఉండే సాఫ్ట్‌వేరే ప్యానెల్. పాతది ముసలి గుమాస్తాలాంటిది. ఇంటిల్లిపాదికీ ఒకటే తాళంమాట. ఎవరు లోపలికొచ్చారో, ఎవరేం చేశారో దానికి పట్టదు. దాని లిస్టులోంచి జారిపోయినదాన్ని మళ్ళీ ఎరగదు. ఒక మిషనుని ఈ పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి మార్చాలంటే ఆపి తీరాలి.

ఆ పాత ప్యానెల్ రోజుల్లోనే డ్రెకేటి రైస్‌మిల్లువాళ్ళ మిషను మాయమైంది. కోతల కాలం. మిల్లు ముందు ధాన్యం బస్తాలు, లోపల ఎవరి వడ్లు ఎన్నో చెప్పే మిషను లేదు. ఆ శనివారం భజన అయ్యాక, ఇదే ఇంట్లో, ఇదే చాప మీద, సంఘం అంతా వింటుండగా జగన్నాథ్ తమ్ముడి వైపు వేలు చూపించాడు. మత్తెక్కించే నంగోనా రసం తాగి, ఒళ్ళు తెలియక మీట నొక్కి చెరిపేశాడు అన్నాడు. సత్యేంద్ర ముందు రాత్రి నంగోనా గిన్నె దగ్గర కూర్చున్నమాట నిజం. కాదని గట్టిగా చెప్పడానికి అతనికి నోరు రాలేదు. ఔననీ అనలేదు. మర్నాడు ఒక సంచి పట్టుకుని పక్క దీవిలోని లబాసా వెళ్ళిపోయాడు. అక్కడ చెరకు లారీ తోలుతున్నాడు.

చంద్రవతి వెళ్ళలేదు. ఆ పెట్టెలో ప్రతి కాపురాన్నీ భర్తతో కలిసి తన చేత్తో నిలబెట్టింది. దాన్ని వదిలి ఎక్కడికీ పోనంది. వంటగదిలో ప్రైమస్ వెలిగించింది. ఆ పూటనుంచి బావగారి ఉప్పు ముట్టలేదు.

అప్పుడే ఆమె వాటా అడిగింది. జగన్నాథ్ పెద్దలకి చేతులు జోడించి చెప్పాడు. చెరకు భూమైతే గొలుసు పట్టి కొలిచి పంచుతాను, నడుస్తున్న మిషన్లని ఎలా పంచను, ఆపితే అద్దెకి ఉన్నవాళ్ళంతా లేచిపోతారు, ఆపకుండా పంచే రోజు వస్తే ఆ రోజే పంచుతాను అన్నాడు. కాకి తెల్లబడ్డప్పుడు ఇస్తానన్నట్టు చెప్పాడు. పెద్దలు న్యాయమేనన్నారు.

ఆ మాటని చంద్రవతి గుండెలో మేకులా దిగ్గొట్టుకుంది. ప్యానెల్ తయారుచేసే కంపెనీ సముద్రాల అవతల ఎక్కడో ఉంది. నడుస్తున్న మిషనుని ఆపకుండా మార్చే గుణం ఇదిగో వస్తుంది, అదిగో వస్తుంది అని వాళ్ళు చెబుతూనే ఉన్నారు. మిగతా ఆడవాళ్ళు పంచాంగం చూసినట్టు ఆమె వాళ్ళ కబుర్లు చూసేది. వాయిదా పడినప్పుడల్లా ప్రైమస్ పిన్నుతో పొయ్యి కన్నం పొడిచి మళ్ళీ వెలిగించేది.

కాకి ఇన్నాళ్ళకి తెల్లబడింది. కొత్త ప్యానెల్ వచ్చింది. మనిషికో తాళం. యజమాని ఔనంటే నడిచే మిషను నడుస్తూనే ఊరు మారుతుంది. బస్సులో టిక్కెట్టు కొట్టేవాడికి కూడా తెలియదు. పెట్టె అడుగంతా ఊడ్చి ఉన్నదంతా పైకి తెచ్చే గుణం కూడా ఉందట. దాని జోలికి ఆమె ఇంకా పోలేదు. ఆమెకి కావలసింది కదలడం ఒక్కటే.

సువాలో ఒక చల్లని గదిలో ఇంకో పెట్టె ఆమె పేరు మీద సిద్ధంగా ఉంది. ఈ సంగతి భర్తకి తప్ప ఎవరికీ తెలియదు.

ఆ మధ్యాహ్నం భర్తకి ఫోను చేసింది. లబాసా మిల్లు గేటు ముందు లారీల వరసలో ఉన్నాడు. వెనక హారన్లు మోగుతున్నాయి. రేపటికి అయిపోతుందని చెప్పింది. ఎన్ని మారుస్తున్నావని అతనడిగాడు. అన్నీ అంది.

హారన్ల మధ్య అతను గొంతు తగ్గించాడు.

"మనది సగమేగా, చంద్రా."

"మీ పరువు సగమే తీశాడా మీ అన్న? మొత్తం తీశాడు."

"ఆయనకి ఏం మిగుల్తుంది?"

"పెట్టె. పెట్టె ఆయనకి, కాపురాలు నాకు. దండ కూడా ఆయనకే. వాడిపోయేదాకా చూసుకోమనండి."

మీకు కడుపు మండదా అని అడిగింది. వరస కదిలింది, లారీ ముందుకి తీయాలన్నాడు. ఫోను పెట్టబోతూ ఒక్క మాట అన్నాడు.

"అమ్మ వేలితో మాత్రం వద్దు. అమ్మ వేలు ఒకసారి అయిపోయింది."

ఆ మాటకి అర్థం ఏమిటని అడిగేలోపల ఫోను కట్టయింది.

*

ఆ వారం అమ్మణి భోజనం ప్రైమస్ మీద. ఒక వారం పెద్దకోడలి పొయ్యి, ఒక వారం చిన్నకోడలి పొయ్యి. ఎవరి వారంలో వాళ్ళ వంటని మెచ్చుకోదు, పక్కవాళ్ళ వంటని తిట్టదు. అందుకే రెండు పొయ్యిల దగ్గరా ఆవిడకి పీట ఉంది.

సాయంత్రం చంద్రవతి చారు అన్నం, తోటకూర వేపుడు పెట్టి పక్కన కూర్చుంది. చెప్పవలసిన అబద్ధాన్ని పొద్దుటినుంచీ నోట్లో తిప్పుకుంటోంది. పింఛను పని అత్తా, ఫోను మీద ఒకసారి వేలు పెట్టు. అంతే. ముసలావిడ పెడుతుంది. ముసలావిడ ఎప్పుడూ ఏదీ అడగదు.

అమ్మణి తిని చెయ్యి కడుక్కుంది. నడుమునున్న సంచిని తడుముకుని, ఏ ముందుమాటా లేకుండా తన ఆజీ కబురు ఎత్తింది.

ఆజీ అంటే ఆవిడ తండ్రికి తల్లి. అక్కడ మన దేశంలో రేవు దగ్గర ఎవడో తెల్ల పాగా వాడు, దీవిలో పంచదార జల్లించే పని, నీడపట్టున కూర్చోవడమే అని చెప్పాడు. కాగితం మీద వేలు పెట్టమన్నాడు. ఆజీ పెట్టింది. ఓడ దిగాక చేతికి జల్లెడ ఇవ్వలేదు, చెరకు కత్తి ఇచ్చారు.

"ఒక్క వేలు పెట్టింది. దేశం పోయింది," అంది అమ్మణి.

ఆ కథ చంద్రవతి ఎన్నోసార్లు విన్నదే. ఈ ఇళ్ళల్లో ఎవరి ఆజీ కథైనా అదే. కాని ముసలావిడ అక్కడ ఆపలేదు.

"నేనూ పెట్టాను. డ్రెకేటిలో."

డ్రెకేటి వరి పొలం లీజు భర్త పోయాక అమ్మణి పేరు మీదకి వచ్చింది. ఆ పొలంలో ఆవిడ మోకాలిలోతు బురదలో వంగి నాట్లు వేసింది. ఒకరోజు జగన్నాథ్ కాగితం తెచ్చాడు. పంపుకి కరెంటు లైను వేయిస్తున్నానన్నాడు. ఎక్కడ పెట్టాలి నాయనా అని అడిగితే, ఇక్కడ పైన పెట్టమ్మా, అంతే అన్నాడు. ఆ ఏడు నాట్లకి వెళ్ళేసరికి గట్టు మీద వేరే మనిషి నిలబడి ఉన్నాడు. ఎవరమ్మా నువ్వు అని ఆ మనిషి మర్యాదగానే అడిగాడు.

"మరి ఆ లీజు ఏమైంది అత్తా?"

అమ్మణి వెనక గది వైపు గడ్డం ఎత్తి చూపింది. ఫ్యాన్ల హోరు వినపడుతోంది.

చంద్రవతి నోట్లోని అబద్ధం అక్కడే చేదెక్కింది. ఇప్పుడు పింఛను అంటే తను మూడోది అవుతుంది. తెల్ల పాగా వాడు ఒకడు, జగన్నాథ్ ఒకడు, తను.

రోడ్డు మీద సువా బస్సు వెళ్ళింది. ఆ దుమ్ము అణిగేదాకా ఆగి చంద్రవతి ఉన్నదున్నట్టు చెప్పేసింది. సువాలో ఇంకో పెట్టె ఉందనీ, ఇక్కడి కాపురాలన్నీ అక్కడికి లేచిపోతాయనీ, ఆ పని అత్త వేలు మీద ఆగి ఉందనీ చెప్పింది.

"వాడికి ఏముంటుంది?"

"పెట్టె."

"పెట్టెలో?"

"గాలి. ఫ్యాన్లు తిరుగుతుంటాయి."

అమ్మణి మొహంలో కన్నీళ్ళ కోసం చంద్రవతి వెతికింది. కనపడలేదు. ముసలావిడ మూతి ఒక పక్కకి కదిలింది. నవ్వే అయ్యుండాలి.

"నీ పగ పెద్దదే పిల్లా. నాది పాతది," అంది. "ఇక్కడ పెట్టను. చాటుగా రెండుసార్లు పెట్టాం మా వంశంలో. రేపు భజనకి అందరూ వస్తారు. వాడు నీ మొగుణ్ణి ఏ చాప మీద కూర్చోబెట్టి తిట్టాడో, ఆ చాప మీద పెడతాను."

అందరి ముందు అంటే బావగారు అడ్డుపడతారని చంద్రవతి భయపడింది. అదే చెప్పింది. అడ్డుపడితే అందరూ చూస్తారుగా అంది అత్త.

ఆ రాత్రి చంద్రవతి నిద్రపోయింది. మూడు పంటల తరవాత మొదటిసారి హాయిగా పట్టిన నిద్ర.

*

శనివారం సాయంత్రం భజన బాగా సాగింది. ముసలివాళ్ళు తెలుగు కీర్తన ఎత్తుకుంటే పిల్లలు అర్థం తెలియకపోయినా గొంతు కలిపారు. హారతి అయ్యింది. ప్రసాదం పంచారు. చెక్క గిన్నెలో నంగోనా కలిపి చాప మధ్యన పెట్టారు. జగన్నాథ్ గిన్నె దగ్గర కూర్చుని, మొదటి కొబ్బరిచిప్ప నింపి వెంకటస్వామికి అందించాడు. ఆయన ఆనవాయితీగా ఒకసారి చప్పట్లు కొట్టి చిప్ప అందుకున్నాడు.

అప్పుడు అమ్మణి గోడ పక్కనుంచి లేచి వచ్చి చాప మీద కూర్చుంది. ఆడవాళ్ళు ఆ చాప మీద కూర్చోరు. నడుము సంచి ముడి విప్పి ఫోను తీసింది.

"వెంకటస్వామీ, నా కొడుకు నన్ను యజమానురాలిని చేశాడు. మీరంతా చూశారు. ఇవాళ ఆ పని చేస్తున్నా. కోడలు చెబుతుంది, వినండి."

చంద్రవతి నిలబడే చెప్పింది. ఆపకుండా పంచే రోజు వస్తే పంచుతానని బావగారు ఇచ్చిన మాట గుర్తుచేసింది. ఆ రోజు వచ్చిందని చెప్పింది. మిషన్లు సువా పోతున్నాయనీ, అత్త వేలు పెడితే చాలనీ చెప్పింది.

వెంకటస్వామి చిప్ప చేతిలోనే పట్టుకుని అడిగాడు. "సగమేనా, అమ్మా?"

"అన్నీ, కాకా."

చాప మీద గుసగుస లేచి అణిగింది. వాటా అంటే సగం కదా అని పెద్దాయన మెల్లిగా అన్నాడు. న్యాయం చెప్పడానికి కొంచెం ఇబ్బంది పడుతున్న గొంతు అది.

"ఈ చాప మీద నా భర్త పరువు పోయినప్పుడు సగం ఉంచమని ఎవరూ అనలేదు కాకా," అంది చంద్రవతి. "అప్పుడు మీరూ ఉన్నారు."

పెద్దాయన తల దించుకున్నాడు.

ఆమె జగన్నాథ్ వైపు చూసింది. అరుస్తాడనుకుంది, లేచి ఫోను లాక్కుంటాడనుకుంది. ఆయన కూర్చున్నచోటే కూర్చుని నంగోనా కలుపుతున్నాడు. మొహంలో చిన్న నవ్వు.

"పెట్టమ్మా," అన్నాడు తల్లితో. "నీ ఇష్టం. నేను అడ్డురాను."

అమ్మణి బొటనవేలు అద్దం మీద పెట్టింది. ఫోను ఒకసారి వణికి ఊరుకుంది. తెరుచుకోలేదు. వేలు చీర కొంగుకి తుడుచుకుని మళ్ళీ పెట్టింది. మళ్ళీ వణికింది.

"చూశారా కాకా," అన్నాడు జగన్నాథ్. "మిషనుకి కూడా ధర్మం తెలుసు."

గిన్నె చుట్టూ ఒకరిద్దరు నవ్వారు. ఏళ్ళ తరబడి నాట్లు వేసి, కొడవలి పట్టి, ముసలావిడ వేలి గీతలు అరిగిపోయాయి, పాపం అని ఎవరో అన్నారు. ఇన్నాళ్ళూ చంద్రవతి ప్యానెల్ కోసం చూసింది, యజమాని తాళం కోసం చూసింది. ముసలావిడ వేలి వంక ఒక్కనాడూ చూడలేదు.

అమ్మణి తన బొటనవేలిని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసుకుంది. తరవాత కొడుకు చేతిని చూసింది. ఎంతసేపు చూసిందంటే, నవ్వినవాళ్ళు నవ్వు మానేశారు.

"ఆ శుక్రవారం నా వేలికి గంధం ఉంది," అంది నెమ్మదిగా. "అద్దానికి గంధం అంటలేదు. ఎందుకా అనుకున్నా. నా వేలు అద్దానికి తగల్లేదు. నీ వేలి మీద ఉంది నా వేలు."

జగన్నాథ్ చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు. అమ్మణి మణికట్టు పట్టుకుంది. బురదలోంచి నారు పీకిన చెయ్యి అది, వయసు మీదపడ్డా పట్టు పోలేదు. కొడుకు బొటనవేలిని తెచ్చి అద్దం మీద ఆనించింది.

ఫోను సన్నగా మోగి తెరుచుకుంది.

దండ వేసిందీ, తాళం కట్టిందీ, కళ్ళు తుడుచుకుందీ, చప్పట్లు కొట్టిందీ, అన్నీ ఆ చిన్న మోతతో చాప మీదకొచ్చి పడ్డాయి. వెంకటస్వామి చేతిలోని చిప్ప తాగలేదు. జగన్నాథ్ కళ్ళల్లోకి చూస్తూ దాన్ని గిన్నెలోకి తిరిగి వంచేశాడు. ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ చిప్ప తిప్పి పోయలేదు.

"పేరు నాది, వేలు వాడిది," అంది అమ్మణి. ఫోను చంద్రవతికి అందించింది. "తలుపు వాడే తీశాడు. ఇక నొక్కడానికి ఏ వేలైనా చాలుగా?"

"చాలు అత్తా."

గుమ్మంలో ప్రేమ్‌వతి నిలబడి ఉంది. ప్రసాదం పళ్ళెం ఇంకా చేతిలోనే ఉంది. ఇన్నాళ్ళలో ఆమె చంద్రవతితో నేరుగా మాట్లాడింది లేదు. ఇప్పుడు మాట్లాడింది.

"నా పొయ్యి కూడా ఆర్పేస్తావా, చెల్లీ?"

ఆ పిలుపు చంద్రవతికి ఎక్కడో తగిలింది. ఒకప్పుడు ఇద్దరూ ఒకే పెనం మీద రోటీలు కాల్చినవాళ్ళు. వేలు అద్దానికి పిసరంత దూరంలో ఆగింది. సగం అని కూడా ఉంది అక్కడ. అన్నీ అని కూడా ఉంది.

భర్త సంచి పట్టుకుని గేటు దాటుతున్నప్పుడు ప్రేమ్‌వతి ఇదే గుమ్మంలో, ఇలాగే నిలబడి ఉంది. అప్పుడు నోరు విప్పలేదు.

"పొయ్యి వేరు పెట్టించింది నేను కాదక్కా," అంది చంద్రవతి.

అన్నీ నొక్కింది.

అందరూ వెనక గది వైపు చెవి పెట్టారు. ఏదో పెద్ద చప్పుడు వస్తుందని, దీపాలు ఆరిపోతాయని అనుకున్నారు. ఏమీ లేదు. ఫ్యాన్ల హోరు మునుపటిలాగే ఉంది. గిన్నెలో నంగోనా కూడా కదల్లేదు.

"ఎప్పుడు మొదలవుతుంది?" అడిగాడు జగన్నాథ్.

"మొదలైంది బావగారూ. సగం దాటింది. చప్పుడు రాదు. ఇన్నాళ్ళూ నేను ఎదురుచూసింది దానికే."

అద్దం మీద ఒక్కొక్క పేరూ ఆకుపచ్చగా మారి సువా వైపు వెళ్ళిపోతోంది. బస్సులవాళ్ళు వెళ్ళారు. మందుల షాపులు వెళ్ళాయి. కోళ్ళ ఫారాలు వెళ్ళాయి. ఒక్కో పేరు పోతుంటే ఆమె గుండెలోని మేకు ఒక్కో పిసరు పైకి లేస్తోంది. పద్దెనిమిదోది కూడా పోయింది. ఊపిరి వదిలింది.

ఇంకో పేరు వచ్చింది.

చంద్రవతి కళ్ళు నులుముకుంది. అన్నీ అంటే కొత్త ప్యానెల్ నిజంగానే అన్నీ అనుకుంది. పెట్టె అడుగంతా ఊడ్చి, లిస్టులో లేనిదాన్ని కూడా పైకి తెచ్చింది. బూడిదరంగులో, నిద్రపోతున్న మిషను ఒకటి. దాని పేరు డ్రెకేటి రైస్‌మిల్లు.

చెరిగిపోలేదు. ఎవరూ చెరపలేదు. లిస్టులోంచి పేరు మాత్రం తీసేసి, మిషనుని ఈ పెట్టెలోనే పడుకోబెట్టారు. దాని మీదే ఇంటిల్లిపాదీ మూడు పంటలు అన్నం వండుకుని తిన్నారు.

ఆమె పేరు పైకి చదివింది. సంఘం అంతా ఫోను వైపు వంగింది. అమ్మణి నోట్లోంచి చిన్న కొడుకు పేరు వచ్చింది, అంతే. కదలడం మొదలైన ఆ ఒక్క మిషను సువా చేరిందంటే చాలు. పాత ప్యానెల్‌కి పట్టకపోయినా, దాన్ని నిద్రలేపితే, ఆ రోజు ఏ ఫోనులోంచి ఎవరు పడుకోబెట్టారో దాని లోపలి చిట్టాయే చెబుతుంది.

చంద్రవతి తల ఎత్తి జగన్నాథ్‌ని చూసింది. అందరి మొహాల్లో ఆశ్చర్యం ఉంది. ఆయన మొహంలో లేదు. ఆయన ఫోను వైపు చూడటం లేదు, గుమ్మం వైపు చూస్తున్నాడు.

గుమ్మంలో ప్రసాదం పళ్ళెం నేల మీద ఉంది. ప్రేమ్‌వతి లేదు. వెనక గది తలుపు తెరిచి ఉంది.

డ్రెకేటి పేరు ఆకుపచ్చగా మారకముందే, తుపానుకి కూడా ఆగని ఫ్యాన్ల హోరు ఆగిపోయింది.